పాప భరణం మార్పు కోసం నేను ఆశ్రయించిన న్యాయ కార్యాలయం: ఒక తండ్రి సమీక్ష

విడాకులు మంజూరైన నాలుగేళ్లకు, మా అమ్మాయి పోషణ కోసం నెలనెలా చెల్లిస్తున్న భరణాన్ని తగ్గించమని కోర్టును అడగవలసిన పరిస్థితి నాకు ఎదురైంది. ఆ పని కోసం నేను ఆశ్రయించిన కార్యాలయం చిన్నది. ఇద్దరు న్యాయవాదులు, ఒక జూనియర్, లెక్కలు చూసే ఒక ఉద్యోగి ఉంటారు. విడాకుల తర్వాత తలెత్తే వ్యవహారాలను, అంటే భరణం పెంపు, తగ్గింపు, బకాయిల వసూలు వంటివాటిని వారు ప్రధానంగా చూస్తారు. మొదటి సమావేశం నుంచి చివరి ఉత్తర్వు ప్రతి చేతికి అందేదాకా ఆరు నెలలు వారితో పని పడింది కనుక, వారి సేవలో ఏది మేలు చేసిందో, ఏది ఇబ్బంది పెట్టిందో వివరంగా రాయగలను. కార్యాలయం పేరు మాత్రం రాయడం లేదు. ఈ కథలో నా ఒక్కడి జీవితమే కాక మా అమ్మాయి జీవితం, ఆమె తల్లి జీవితం కూడా ఉన్నాయి.

ముందుగా నా పరిస్థితి చెప్పాలి. పాత ఉత్తర్వు వచ్చిననాటికి అమ్మాయికి ఆరేళ్లు. అప్పటి నా నికర జీతంలో నాలుగో వంతు భరణంగా నిర్ణయమైంది. తర్వాత మా సంస్థ నేను పనిచేసే విభాగాన్నే మూసివేయడంతో ఏడు నెలలు ఉద్యోగం లేకుండా గడిచాయి. మొదటి మూడు నెలలు పొదుపు సొమ్ములోంచి భరణం పూర్తిగా చెల్లించాను. ఆ తర్వాతి నాలుగు నెలలు, అమ్మాయి తల్లితో ఫోన్లో మాట్లాడి, ఆమె సరేనన్న మీదటే సగం చొప్పున చెల్లించాను. చివరికి దొరికిన ఉద్యోగంలో జీతం పాతదానిలో 60 శాతమే. అంటే అదే భరణం ఇప్పుడు నా జీతంలో దాదాపు 42 శాతమవుతోంది. దీన్ని సగానికి తగ్గించాలని మనసులో నిశ్చయించుకుని, నా వైపు న్యాయం పూర్తిగా ఉందన్న నమ్మకంతో ఆ కార్యాలయం మెట్లెక్కాను.

పెద్ద న్యాయవాది గారు నా విడాకుల కథ వినడానికి తొందరపడలేదు. "పాత ఉత్తర్వు వచ్చిన రోజుకీ ఈ రోజుకీ మధ్య ఏమి మారిందో చెప్పండి. ఆ మార్పును ఏ కాగితంతో చూపిస్తారో కూడా చెప్పండి" అని అడిగారు. ఆరు నెలల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే, కేసు మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగిందని అర్థమవుతోంది. పాత ఉత్తర్వు న్యాయమైనదా కాదా అన్న చర్చ ఈ దశలో రాదని, అది అప్పీలులో తేల్చుకోవలసిన విషయమని, మార్పు పిటిషన్‌లో కోర్టు చూసేది ఆ తర్వాత మారిన పరిస్థితులనేనని ఆమె వివరించారు. ఆ మార్పు కూడా చెప్పుకోదగినదై ఉండాలి, కొంతకాలం నిలిచేదై ఉండాలి, కావాలని తెచ్చుకున్నదై ఉండకూడదు. భరణం తప్పించుకోవడానికి మంచి ఉద్యోగం మానేసి చిన్న ఉద్యోగంలో చేరినవారి విషయంలో, వారు సంపాదించగలిగిన ఆదాయాన్నే లెక్కలోకి తీసుకునే అధికారం న్యాయస్థానాలకు ఉంటుందని చెప్పి, నేను ఉద్యోగం కోసం పంపిన దరఖాస్తులన్నింటినీ తేదీలవారీగా తెమ్మన్నారు. అలాంటి కాగితాలు అవసరమవుతాయని నాకు అప్పటిదాకా తట్టలేదు. అదృష్టవశాత్తూ ఈమెయిళ్లన్నీ భద్రంగా ఉన్నాయి.

ఈ మూలసూత్రం చాలా దేశాల చట్టాల్లో ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. భారతదేశంలో 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 127వ సెక్షన్ గానీ, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 146వ సెక్షన్ గానీ, పరిస్థితుల్లో మార్పు రుజువైతేనే మొత్తాన్ని మార్చడానికి వీలు కల్పిస్తాయి. బ్రిటన్‌లో చైల్డ్ మెయింటెనెన్స్ సర్వీస్ ఏటా లెక్కను సమీక్షిస్తుంది. మధ్యలో ఆదాయం మారిందని చెప్పి మొత్తం మార్చమంటే, సాధారణంగా ఆ తేడా కనీసం 25 శాతం ఉండాలి. అమెరికాలో ప్రభుత్వ చైల్డ్ సపోర్ట్ విభాగం ద్వారా నడిచే కేసుల్లో మూడేళ్లకొకసారి సమీక్ష కోరే హక్కు తల్లిదండ్రులిద్దరికీ ఉంది. తెలుగువారు ఇన్ని దేశాల్లో స్థిరపడిన ఈ రోజుల్లో ఈ సమీక్షను ఎవరు ఎక్కడ చదువుతారో తెలియదు కాబట్టి ఇవి చెబుతున్నాను. తమ ఉత్తర్వు ఏ చట్టం కింద వచ్చిందో, దాన్ని మార్చే అధికారం ఏ కోర్టుకు ఉందో ముందుగా తెలుసుకోకుండా ఏ సేవకూ రుసుము చెల్లించవద్దు. ఈ కార్యాలయం మొదటి అరగంటలోనే పాత ఉత్తర్వు ధ్రువీకరణ ప్రతిని అడిగి, చివరి పేజీ వరకు చదివి, ఆ తర్వాతే ఫైలు తెరిచింది.

నన్ను బాగా కుదిపింది బకాయి విషయం. అమ్మాయి తల్లి ఫోన్లో ఒప్పుకుంది కదా, ఆ నాలుగు నెలల సగం బాకీ తీరిపోయినట్లేనని నేను అనుకున్నాను. కోర్టు ఉత్తర్వు ముందు ఫోన్లో అనుకున్న మాట నీటి మీద రాతేనని న్యాయవాది గారు స్పష్టంగా చెప్పారు. ఆమె రేపు మనసు మార్చుకున్నా, మార్చుకోకపోయినా, ఉత్తర్వు మారనంతవరకు పాత మొత్తమే బాకీగా పేరుకుపోతుంది. రెండు నెలల భరణానికి సమానమైన సొమ్ము నేను బకాయి పడ్డానన్నమాట. అమెరికాలో ఈ విషయం మరీ కఠినం. 1986లో వచ్చిన బ్రాడ్లీ సవరణ ప్రకారం, గడువు దాటిన ప్రతి వాయిదా దానంతటదే తీర్పుతో సమానమైన బాకీ అవుతుంది. దాన్ని వెనుకటి తేదీ నుంచి తగ్గించే అధికారం కోర్టుకు ఉండదు. మార్పు పిటిషన్ గురించి ఎదుటి పక్షానికి నోటీసు అందిన తేదీ దాకా మాత్రమే వెనక్కి వెళ్లే వీలుంటుంది. ఉద్యోగం పోయిన నెలలోనే పిటిషన్ వేసి ఉంటే, కనీసం తాత్కాలికంగానైనా ఉపశమనం అడిగే అవకాశం నాకు ఉండేది. పరువు కోసం, పరిస్థితి చక్కబడుతుందన్న ఆశతో ఎనిమిది నెలలు ఆగాను. ఆ ఆలస్యానికి మూల్యం నేనే చెల్లించాను. ఆదాయం పడిపోయినవారు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇతర పనులు పక్కనపెట్టి ముందు ఆ తేదీని నమోదు చేయించుకోండి.

ఆ తర్వాత వారు ఇచ్చిన సలహా మొదట నాకు మింగుడుపడలేదు. పిటిషన్ వేశాం కదా అని చెల్లింపు ఆపవద్దని, వీలైతే పాత మొత్తాన్నే, వీలుకాకపోతే చేతనైనంత సొమ్మును, ప్రతినెలా అదే తేదీకి బ్యాంకు ద్వారానే పంపమని చెప్పారు. ఎక్కువ కడితే ఆ ఎక్కువను తర్వాత సర్దుబాటు చేయమని అడగవచ్చునని, తక్కువ కడితే మాత్రం తగ్గింపు అడుగుతున్న మనిషే ఉత్తర్వును ఉల్లంఘిస్తున్నాడన్న మాట పడుతుందని వారి వాదన. అన్నయ్య దగ్గర కొంత చేబదులు తీసుకుని కేసు నడిచిన ఐదు నెలలూ పూర్తిగా కట్టాను. చివర్లో అదే నన్ను కాపాడింది.

సగానికి తగ్గించాలన్న నా కోరికను వారు వెంటనే ఒప్పుకోలేదు. లెక్కల ఉద్యోగి నన్ను రెండు గంటలు కూర్చోబెట్టి, అమ్మాయికి నెలకు అయ్యే ఖర్చును ఒక్కొక్క పద్దుగా రాయించారు. బడి, పుస్తకాలు, రవాణా, మందులు, బట్టలు, ఇంటద్దెలో అమ్మాయి వంతు, ఇలా రాస్తూ పోతే కొన్ని పద్దుల దగ్గర నాకు జవాబు తెలియలేదు. ఆరేళ్ల పిల్ల పదేళ్ల పిల్ల అయిందని, ఆమె చెప్పుల సైజు కూడా నాకు తెలియదని ఆ బల్ల దగ్గరే గ్రహించాను. నా ఆదాయం తగ్గిన మాట నిజమే. అమ్మాయి అవసరాలు పెరిగిన మాట కూడా అంతే నిజం. పిల్లల భరణాన్ని అవసరం, స్తోమత అనే రెండు కొలతల మధ్య నిర్ణయిస్తారు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలోని 27వ అధికరణ కూడా, తమ శక్తికీ ఆర్థిక స్తోమతకూ లోబడి పిల్లల ఎదుగుదలకు కావలసిన జీవన పరిస్థితులను సమకూర్చడం తల్లిదండ్రుల ప్రాథమిక బాధ్యత అంటుంది. కారు మీద నేను తీసుకున్న అప్పు వాయిదాను ఖర్చుల్లో పైన రాస్తే, దాన్ని తీసి కింద రాయించారు. మనం ఇష్టపడి తెచ్చుకున్న అప్పు పాప బడి ఫీజు కంటే ముందు నిలబడదన్నారు. అదే సమయంలో, పాత ఉత్తర్వు నాటికి ఉద్యోగం లేని అమ్మాయి తల్లి ఇప్పుడు పూర్తికాలం పనిచేస్తోందన్న విషయాన్ని వారు విడిచిపెట్టలేదు. పోషణ బాధ్యత ఇద్దరిదీ కనుక ఆమె ఆదాయం కూడా లెక్కలోకి వస్తుందని చెప్పి, దాన్ని నిందలా కాక వాస్తవంగా రాశారు. ఇవన్నీ కలిపి చూసి, సగం అడిగితే కోర్టు నమ్మదని, 30 శాతం తగ్గింపు అడగడం సమంజసమని తేల్చారు. క్లయింటు అడిగినంతా రాసి పిటిషన్ వేసి, ఓడిపోయాక కోర్టును తప్పుపట్టే న్యాయవాదుల గురించి స్నేహితులు చెప్పగా విన్నాను. ఈ కార్యాలయానికి నేను ఇచ్చే మొదటి మార్కు ఈ నిజాయితీకే.

రెండో మార్కు వారు పిటిషన్‌లోంచి తీసివేసిన వాక్యాలకు. గత ఏడాది రెండుసార్లు అమ్మాయిని చూడటానికి వెళ్తే కుదరలేదని, అందుకే డబ్బు ఇవ్వడానికి మనసు రావడం లేదని నేను రాసి తీసుకెళ్లిన చిత్తుప్రతిలో ఉంది. పిల్లను చూసే హక్కుకూ భరణానికీ ముడిపెట్టడం చట్టం ముందు నిలవదని, చూడనివ్వకపోతే దానికి వేరే పిటిషన్ ఉంటుందని, డబ్బు ఆపితే శిక్ష పడేది అమ్మాయికేనని న్యాయవాది గారు నెమ్మదిగా చెప్పారు. ఆమె తల్లి స్వభావం గురించి నేను రాసిన ఒకటిన్నర పేజీ కూడా తీసేశారు. చివరికి మిగిలిన పిటిషన్ ఆరు పేజీలు. అందులో ఒక్క కఠినమైన మాట లేదు. రేపు పెద్దయ్యాక అమ్మాయి ఆ కాగితాలు చదివినా నేను తలదించుకోనవసరం లేదు. ఈ మేలు ఎంతటిదో ఆ రోజున నాకు తెలియలేదు.

లోపాల సంగతికి వస్తే, అన్నిటికంటే పెద్దది ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్‌లో జరిగింది. ఇలాంటి కేసుల్లో ఇరుపక్షాలూ తమ జీతం, ఖాతాలు, అప్పులు, ఆస్తులు దాచకుండా ప్రమాణపూర్వకంగా చూపించాలి. భారత సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో ఇచ్చిన తీర్పుతో అక్కడ భరణం కేసులన్నింటిలోనూ ఇది తప్పనిసరి అయింది. భరణాన్ని దరఖాస్తు తేదీ నుంచే ఇవ్వాలని చెప్పిన తీర్పు కూడా అదే. నేను నాలుగు ఖాతాల వివరాలు ఇచ్చాను. కార్యాలయంలోని జూనియర్ మూడే జతచేశారు. నాలుగోది ఎప్పుడో తెరిచి వాడకుండా వదిలేసిన పొదుపు ఖాతా, అందులో చెప్పుకోదగిన సొమ్మేమీ లేదు. అయినా ఎదుటి న్యాయవాది తన కౌంటర్‌లో, అంటే మా పిటిషన్‌కు ఇచ్చిన రాతపూర్వక జవాబులో, దాన్ని ఎత్తిచూపి, నేను ఆదాయాన్ని దాచానని రాశారు. అమ్మాయి తల్లి కోర్టు హాల్లో నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేను. అన్నేళ్ల గొడవల్లో మేము ఒకరినొకరం ఎన్నో అన్నాం గానీ, అబద్ధాలకోరు అన్న మాట మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. కార్యాలయం తప్పు తమదేనని ఒప్పుకుంది, అదనపు అఫిడవిట్ దాఖలు చేసింది, ఆ వాయిదాకు రుసుము తీసుకోలేదు. అదంతా సరే, కానీ ఒక నెల వృథా అయింది, నా మాట మీద ఒక మరక పడింది. సంతకం పెట్టే ముందు జతపత్రాలను ఒక్కొక్కటిగా సరిచూసుకోకపోవడం నా వైపు పొరపాటని ఒప్పుకుంటాను. అయితే అలా సరిచూసుకోమని చెప్పవలసిన బాధ్యత వారిది. ఈ ఒక్క కారణంగానే వారికి పూర్తి మార్కులు వేయలేకపోతున్నాను.

రుసుము విషయంలోనూ స్పష్టత కొరవడింది. పిటిషన్ తయారీ, దాఖలు, హాజరు అన్నీ కలిపి ఒకే మొత్తం అని మొదట చెప్పారు. కేసు మధ్యవర్తిత్వానికి వెళ్లిన తర్వాత, ఆ కూర్చునే రోజులకు విడిగా ఇవ్వాలని తెలిసింది. అడిగిన మొత్తం అన్యాయమైనదని అనను. ఆదాయం పడిపోయిందనే కదా నేను అక్కడికి వెళ్లింది, అలాంటి మనిషికి ముందుగా చెప్పకపోవడం పొరపాటు. ఏ పనికి ఎంతో కాగితం మీద రాయించుకోకుండా ఎవరూ వకాలత్ మీద, అంటే న్యాయవాదికి మన తరఫున వాదించే అధికారం ఇచ్చే పత్రం మీద, సంతకం పెట్టవద్దని నా సలహా. ఫోన్లకు జవాబు చెప్పడంలో కూడా వారు నెమ్మది. వాయిదాకు ముందురోజు సాయంత్రం దాకా ఎవరు వస్తారో, ఎన్ని గంటలకు రావాలో చెప్పేవారు కాదు.

మధ్యవర్తిత్వం దగ్గర మాత్రం వారి పనితనం బయటపడింది. రెండుసార్లు కూర్చున్నాం. మొదటిసారి కూర్చున్నప్పుడు న్యాయవాది గారు మాట్లాడింది చాలా తక్కువ. నా చేత పాత, కొత్త జీతపు పత్రాలను, ఖర్చుల పట్టికను ఎదుటివారి ముందు పెట్టించి, "ఇందులో పాప విషయంలో ఏదైనా తప్పిపోయిందేమో చూడండమ్మా" అని అమ్మాయి తల్లిని అడిగారు. తప్పిపోయింది. అమ్మాయి కళ్లద్దాలు, కంటి డాక్టరు ఖర్చు నా పట్టికలో లేవు. అవి చేర్చాక వాతావరణం మారిపోయింది. రెండోసారికి ఆమె తన జీతపు పత్రం తానే తెచ్చింది. చివరికి 25 శాతం తగ్గింపుకు ఇద్దరం ఒప్పుకున్నాం. అంటే కొత్త భరణం నా ఇప్పటి జీతంలో మూడో వంతుకు కాస్త తక్కువ. నేను అనుకున్న సగం కంటే ఇది చాలా ఎక్కువ. ఆ గదిలోంచి బయటికి వచ్చినప్పుడు మాత్రం మోసపోయానని అనిపించలేదు. బడి ఫీజు సగం నేను నేరుగా బడికే కట్టాలని, ప్రతి ఏటా ఒకే నెలలో ఇద్దరం ఆదాయ పత్రాలు మార్చుకోవాలని, నా జీతం పెరిగితే అదే నిష్పత్తిలో భరణం పెరగాలని కూడా రాసుకున్నాం. మాటగా వదిలేయకుండా ఈ ఒప్పందాన్ని కోర్టు ముందు పెట్టి ఉత్తర్వుగా మార్పించారు.

బకాయి లెక్క చూసిన తీరును ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. కొత్త మొత్తం పిటిషన్ తేదీ నుంచి వర్తించింది కనుక, ఆ ఐదు నెలలూ పాత మొత్తం కట్టడం వల్ల నేను నెలా పావు భరణానికి సమానమైన సొమ్ము ఎక్కువ చెల్లించినట్లయింది. రెండు నెలల బకాయిలోంచి అది పోగా మిగిలిన ముప్పావు నెల సొమ్మును మూడు సమాన వాయిదాల్లో తీర్చేలా రాయించారు. ఆ లెక్క కాగితం చూసి అమ్మాయి తల్లి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

ఈ కార్యాలయం తగ్గింపు కోరేవారికే పనికొస్తుందని అనుకోవద్దు. మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క వరస, ఇక్కడే తన కొడుకు భరణం పెంపు కోసం పిటిషన్ వేయించుకుంది. బాబుకు వినికిడి సమస్య బయటపడి ప్రతినెలా చికిత్స ఖర్చు పెరిగింది. ఆమెకూ మొదటి ప్రశ్న అదేనట, ఏమి మారిందని. ధరలు పెరిగాయని ఊరికే చెబితే చాలదని, డాక్టరు చీటీలు, బిల్లులు, చికిత్స ఎంతకాలం సాగుతుందో తెలిపే లేఖ కావాలని చెప్పి అన్నీ తెప్పించారు. ఆమెకు కోరినంతా వచ్చింది, సమయం మాత్రం నాకంటే ఎక్కువ పట్టింది. ఫోన్లకు జవాబు రాదన్న ఫిర్యాదు ఆమెది కూడా.

వారు మార్చుకోవలసినవి రెండే. జతపత్రాల పట్టికను క్లయింటు చేత వరుసవారీగా టిక్కు పెట్టించాలి, రుసుమును పనుల వారీగా మొదటి రోజే రాసివ్వాలి. ఐదింటికి నాలుగు మార్కులు వేస్తున్నాను. పోయిన ఆ ఒక్క మార్కూ ఆ నాలుగో ఖాతాదే.

పత్రాలు మార్చుకోవలసిన నెల దగ్గరపడుతోంది. కొత్త ఉద్యోగంలో నా జీతం కాస్త పెరిగింది కాబట్టి ఈసారి భరణం కూడా ఆ మేరకు పెరుగుతుంది. ఆ పనికి మళ్లీ తమ దగ్గరికి రానవసరం లేదని న్యాయవాది గారు చివరి రోజునే చెప్పి, ఇద్దరం సంతకం పెట్టి కోర్టులో దాఖలు చేసుకునే ఒక పేజీ నమూనాను నాకొకటి, ఆమెకొకటి ఇచ్చి పంపారు. మొన్న ఆదివారం అమ్మాయిని దింపడానికి వెళ్లినప్పుడు నా జీతపు పత్రం ఆమె తల్లి చేతికిచ్చాను. తన పత్రం కూడా సిద్ధంగా ఉంచానని ఆమె చెప్పింది.